ఇంట్లో ఉన్న గుర్రపు దళం పతకం: అది హైఫాదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ముత్తాతగారు నిజాం జమానాలో గుర్రపు దళంలో పనిచేశారు. ఇంట్లో ఒక వెండి పతకం మిగిలింది. దాని మీద ఒకవైపు రాజు తల, రెండోవైపు గుర్రం మీద బట్టల్లేని మనిషి. "హైఫా యుద్ధం గెలిచినందుకు ఇచ్చారు" అని పెద్దవాళ్ళు చెబుతారు. అది నిజమేనా, ఆయన ఎక్కడెక్కడ పోరాడారో ఎలా తెలుసుకోవాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ పతకం హైఫాకు ఇచ్చింది కాదు. (హైఫా ఇప్పటి ఇజ్రాయెల్‌లోని రేవు పట్నం, 1918లో టర్కీ సైన్యం నుంచి గెలుచుకున్నది.) దాన్ని బ్రిటిష్ వార్ మెడల్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తమ దేశం దాటి వెళ్ళి పనిచేసిన దాదాపు అందరికీ ఇచ్చారు. సామ్రాజ్యం మొత్తమ్మీద 60 లక్షలకు పైగా పంచారు. పాత వెండి రూపాయి కన్నా కొంచెం పెద్దది, 36 మిల్లీమీటర్లు ఉంటుంది. రాజు ఐదో జార్జి. గుర్రం డెక్కల కింద చూడండి, గద్ద బొమ్మ ఉన్న డాలు, ఒక పుర్రె, ఎముకలు కనిపిస్తాయి. ఆ గద్ద జర్మనీలోని ప్రష్యా రాజ్యం గుర్తు. అంచుల్లో 1914, 1918 అని ఉంటాయి. లక్షల మందికి ఇచ్చారు కదా, ఇక దీని విలువేముంది అనుకోకండి. ప్రతి పతకం అంచు మీద దాని మనిషి నంబరు, హోదా, పేరు, రెజిమెంటు చెక్కి ఇచ్చారు. మీక్కావలసిన ఆధారం ఆ అంచే. ముందువైపు, వెనకవైపు అందరివీ ఒకటే.

నాకిదంతా ఎలా తెలుసంటే, మాది బొల్లారం రిసాలా బజార్. మా దాదా వాళ్ళ నాన్న 20వ డెక్కన్ హార్స్ అనే గుర్రపు దళంలో లాన్స్ డఫాదార్. మా ఇంట్లో వెండిది లేదు. ఒక పెళ్ళి ఖర్చు కింద ఎప్పుడో కరిగిపోయింది. మిగిలింది దాని జత, కంచుది. దాన్ని విక్టరీ మెడల్ అంటారు. రెక్కల దేవత బొమ్మ, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బన్ ఉంటాయి. చాలా ఇళ్ళలో ఇదే కథ. వెండి ధర పెరిగినప్పుడల్లా వెండివి కంసాలి దగ్గరికి వెళ్ళాయి, కంచువి పెట్టె అడుగున ఉండిపోయాయి. మీ ఇంట్లో వెండిదే మిగలడం విశేషం. ఇంకోసారి పాత పెట్టెలన్నీ దులిపి చూడండి. కంచు పతకం గానీ, కంచు నక్షత్రం గానీ దొరికితే సగం కథ అక్కడే తేలిపోతుంది. ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది.

ముందు అంచు చదవండి. పతకాన్ని తోమకండి. చింతపండు, పీతాంబరి పొడి, టూత్‌పేస్టు ఏదీ వద్దు. పండగకు తోమీ తోమీ అక్షరాలు అరగదీసిన పతకాలు చాలా చూశాను. చీకటి గదిలో బల్ల మీద పెట్టి, ఫోన్ టార్చిని పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించి పట్టుకోండి. అక్షరాల నీడలు లేస్తాయి. కొంచెం కొంచెంగా తిప్పుతూ ఫొటోలు తీయండి. అప్పటికీ కనబడకపోతే పల్చటి కాగితం అంచుకు చుట్టి మెత్తటి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి. మా దాని మీద నంబరులో చివరి రెండంకెలు, పేరులో సగం, ఆ తర్వాత "20", "హార్స్" అన్నవి ఇలాగే బయటపడ్డాయి. మా దాదీ కళ్ళజోడు సర్దుకుని ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "ఇది ఆయన పేరేనా, ఇలా రాశారేంటి?" అంది. అప్పటి గుమాస్తాలు చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసేసేవాళ్ళు. మీ ముత్తాతగారి పేరు కూడా మీరనుకున్న స్పెల్లింగులో ఉండకపోవచ్చు. టెన్షన్ పడకండి.

పేరుకు ముందు హోదా ఉంటుంది. సోవార్ అంటే మామూలు గుర్రపు సిపాయి. ఆ పైన లాన్స్ డఫాదార్, డఫాదార్. వీటిని అచ్చులు తీసేసి పొట్టిగా "డీఎఫ్‌డీఆర్" లాంటి అక్షరాలతో కొట్టారు. ఆ పైన జమాదార్, రిసాల్దార్. మన ఊళ్ళలో కొన్ని ఇంటిపేర్లలాగా మిగిలిపోయిన జమాదార్ ఈ వరసలోనిదే. అప్పట్లో అది పెద్ద హోదా, వైస్రాయి కమిషన్ ఉన్న ఆఫీసర్ అన్నమాట.

పేరు తర్వాత వచ్చేది రెజిమెంటు. "నిజాం గుర్రపు దళం" అని ఇంట్లో అంటే రెండు వేర్వేరు సైన్యాల్లో ఏదైనా కావచ్చు. ఇక్కడే అందరూ తికమక పడేది.

మొదటిది ఫస్ట్ హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్. ఇది నిజంగా నిజాం సొంత సైన్యం. యుద్ధం వస్తే బ్రిటిష్ వాళ్ళకు పంపడానికని సంస్థానాలు విడిగా తయారుచేసి ఉంచిన దళాల్లో ఒకటి. మాసబ్ ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్ అనే పేట ఉంది కదా, ఆ పేరు వీళ్ళదే. అంచు మీద హైదరాబాద్ పక్కన "ఐ.ఎస్." అన్న అక్షరాలు కనబడితే ఇది.

రెండోది 20వ డెక్కన్ హార్స్. దీని మూలం 1826 నాటి నిజాం గుర్రపు దళంలో ఉంది. తర్వాత అది హైదరాబాద్ కంటింజెంట్ అయింది. అంటే జీతం నిజాం ఖజానా నుంచి, పెత్తనం ఇంగ్లీషు ఆఫీసర్లది. 1903లో పూర్తిగా బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేసి ఈ పేరు పెట్టారు. ఇందులో దక్కనీ ముస్లింలతో పాటు సిక్కులు, జాట్లు ఉండేవాళ్ళు. 29వ లాన్సర్స్‌కు కూడా డెక్కన్ హార్స్ అన్న పేరుండేది, కాబట్టి అంకె జాగ్రత్తగా చూడండి. 1914లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన లాన్సర్స్ ఖర్చుతో పాటు 20వ డెక్కన్ హార్స్ ఖర్చు కూడా తానే భరించాడు. అందుకే ఇళ్ళలో రెండూ "నిజాం ఫౌజే" అయిపోయాయి.

ఇంకో సంగతి, కాస్త మొహమాటంగానే చెబుతున్నాను. మీది తెలుగు హిందూ కుటుంబమైతే మూడో అవకాశం కూడా మనసులో పెట్టుకోండి. ఆ రోజుల్లో ఇంగ్లీషు వాళ్ళు "యుద్ధజాతులు" అని కొన్ని కులాలనే గుర్రపు దళంలోకి తీసుకునేవాళ్ళు. మనవాళ్ళకు సోవారుగా చోటు చాలా అరుదు. కానీ సాయిసులు (గుర్రాలను చూసుకునేవాళ్ళు), గడ్డి కోసేవాళ్ళు, బండ్లవాళ్ళు ప్రతి రెజిమెంటుతోనూ వెళ్ళారు. సిలాదారీ పద్ధతిలో సోవారు తన గుర్రానికి డబ్బు తానే కట్టుకునేవాడు. ఇద్దరు సోవార్లకు కలిపి ఒక సాయిసు ఉండేవాడు. గుర్రం ప్రాణం ఆ సాయిసు చేతిలో ఉండేది. ఇలాంటి వాళ్ళకు ఇదే బ్రిటిష్ వార్ మెడల్‌ను కంచుతో చేసి ఇచ్చారు. బొమ్మలు అవే, లోహం ఒక్కటే తేడా. మీది నిజంగా వెండేనా, వెండి పూతా అన్నది నమ్మకమైన కంసాలికి చూపించండి, గీటు పెట్టనివ్వకుండా. కంచుదని తేలితే చిన్నబుచ్చుకోకండి. వెండి వాటితో పోలిస్తే కంచువి చాలా తక్కువ, పతకాలు సేకరించేవాళ్ళు వాటికోసమే ఎక్కువ వెతుకుతారు.

ఇప్పుడు నక్షత్రం సంగతి. కంచు నక్షత్రాలు రెండు రకాలు. మధ్యలో ఆగస్టు, 1914, నవంబర్ అని మూడు పట్టీల మీద ఉంటే అది 1914 స్టార్. ఆ సంవత్సరం నవంబర్ 22 లోపు ఫ్రాన్స్, బెల్జియం నేల మీద పనిచేసిన వాళ్ళకే ఇచ్చారు. డెక్కన్ హార్స్ అక్టోబర్‌లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగింది. లాన్సర్స్ ఈజిప్టుకు వెళ్ళారు. కాబట్టి ఇంట్లో 1914 స్టార్ దొరికితే ఆయన లాన్సర్స్‌లో లేరని ఒక్క చూపులో చెప్పొచ్చు. "1914-15" అని ఒకే పట్టీ ఉంటే 1915 ఆఖరు లోపు ఏదో ఒక రణరంగానికి చేరినట్టు. నక్షత్రం మీద పేరు అంచున ఉండదు, వెనక ఉంటుంది. నక్షత్రం లేకుండా వెండిది, కంచుది జతగా ఉంటే 1916 లేదా ఆ తర్వాత వెళ్ళినట్టు. మా ఇంట్లో నక్షత్రం ఉండేదని ఎవరూ చెప్పలేదు, అయినా పోయి ఉండొచ్చు కదా. దొరకనిదాన్ని బట్టి ఏదీ తేల్చకూడదు.

ఇక హైఫా. 1918 సెప్టెంబర్ 23న హైఫా మీదికి వెళ్ళింది 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్. అందులో జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ లాన్సర్లు మూడూ ఉండేవి. ఆ రోజు మైసూరు వాళ్ళు కార్మెల్ కొండ ఎక్కి ఫిరంగుల మీద పడ్డారు. జోధ్‌పూర్ వాళ్ళు కొండకూ కిషోన్ వాగుకూ మధ్య ఇరుకు దారిలో బల్లేలు చాపి ఊళ్ళోకి దౌడు తీశారు. వాళ్ళ మేజర్ దల్పత్ సింగ్ ఆ పోరులోనే ప్రాణాలు కోల్పోయారు. సుమారు 1,350 మంది బందీలుగా దొరికారు. హైదరాబాద్ లాన్సర్స్ ఆ దాడిలో లేరు. అంతకు నాలుగు రోజుల ముందు మొదలైన యుద్ధంలో వేలకు వేలు పట్టుబడ్డ టర్కీ బందీలను వెనక్కి తోలుకెళ్ళే పని మీద ఉన్నారు.

మరి ఢిల్లీ తీన్‌మూర్తిలో హైదరాబాద్ సిపాయి విగ్రహం ఎందుకుంది అంటారేమో. అది హైఫా స్మారకం మాత్రమే కాదు, యుద్ధం మొత్తంలో ఆ బ్రిగేడ్ కోల్పోయిన వాళ్ళందరి కోసం కట్టింది. 2018లో ఆ కూడలి పేరు తీన్‌మూర్తి హైఫా చౌక్ అయ్యాక, మన వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి హైదరాబాదీ సిపాయీ హైఫా వీరుడైపోయాడు. మీ ఇంట్లో మాట అంతకు ముందునుంచీ ఉందో, ఈ మధ్యే మొదలైందో ఒకసారి పెద్దవాళ్ళను అడిగి చూడండి.

"వాళ్ళు ముస్లింలు కాబట్టి ఖలీఫా సైన్యం మీదికి పంపలేదు" అన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఖలీఫా అంటే అప్పటి టర్కీ సుల్తాన్. నాకు అంత నమ్మకం లేదు. టర్కీతో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ వాళ్ళ వైపే నిలబడమని స్వయంగా నిజామే ముస్లింలకు పిలుపునిచ్చాడు. లాన్సర్స్ 1914 చివరి నుంచి సూయజ్ కాలువ కాపలాలో, తర్వాత సినాయ్ ఇసుకలో, పాలస్తీనాలో ఆ టర్కీ సైన్యానికి ఎదురుగానే నాలుగేళ్ళు గడిపారు. డెక్కన్ హార్స్‌లోని దక్కనీ ముస్లింలు కూడా 1918లో అదే సైన్యం మీదికి గుర్రాలు దూకించారు. బందీల కాపలా అనగానే చిన్న పనిగా చూడటం మనకు అలవాటు. నీళ్ళు దొరకని దారిలో, ఆకలితో ఉన్న వందలమందిని కొద్దిమంది సోవార్లు చెదిరిపోకుండా నడిపించడం ఎలాంటి పనో ఊహించుకోండి.

మీ పతకం అంచు మీద "20" కనబడితే కథ వేరే దారిన వెళ్తుంది. అది నాకు బాగా తెలిసిన దారి కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

డెక్కన్ హార్స్ సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్‌లో భాగం. తోడుగా ఇంగ్లీషు గుర్రపు దళం 7వ డ్రాగూన్ గార్డ్స్, మన 34వ పూనా హార్స్. 1914 చలికాలంలో ఫ్రాన్స్ ఉత్తరాన ఫెస్టుబెర్ దగ్గర వీళ్ళను గుర్రాలు దింపి కందకాల్లోకి పంపారు. గుర్రపు సిపాయి బూట్లు, పట్టీలు, మోకాలి దాకా బురద. గుర్రాలు వెనక ఎక్కడో. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు గుర్రపు దళానికి పనేమిటంటే ఎదురుచూడటం. కాల్బలం శత్రువు వరసలో కంత పెడితే, దాంట్లోంచి వీళ్ళు దూరాలి. ఆ కంత పడదు. ఈలోపు కందకాలు తవ్వడం, రోడ్లు వేయడం, గుర్రాలకు మేత, మాలీషు. యుద్ధమంటే దౌడు అనుకుంటాం గానీ వీళ్ళ రోజుల్లో ఎక్కువ భాగం ఇదే.

కంత పడిందనిపించిన రోజు 1916 జులై 14. ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధంలో ఆ తెల్లవారుజామున బాజెంతాన్ గట్టు బ్రిటిష్ వాళ్ళకు దొరికింది. హై వుడ్ అనే అడవి దాదాపు ఖాళీగా ఉందని కబురు. గుర్రపు దళాన్ని రమ్మన్నారు. గుంతలు, ముళ్ళతీగలు, పాత కందకాలు దాటుకుంటూ వాళ్ళు అక్కడికి చేరేసరికి సాయంత్రమైంది. ఆ మధ్యాహ్నం కార్నాయ్ లోయలో డెక్కన్ హార్స్ ఆగి ఉన్నప్పుడు తీసిన ఫొటో లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది, ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతుంది. బల్లేలు పట్టుకుని నిలబడ్డ తలపాగాలు, పక్కన గుర్రాలు. ఆ ఫొటోను పెద్దది చేసి మా దాదీకి చూపిస్తే ఒక్కో మొహం మీదా వేలు పెట్టి అడిగింది. ఎవరని చెప్పగలం.

సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో డ్రాగూన్లు, డెక్కన్ హార్స్ కలిసి హై వుడ్‌కూ డెల్విల్ వుడ్‌కూ మధ్య కోతకు రాని చేలోకి గుర్రాలు వదిలారు. చేలో దాక్కున్న జర్మన్లలో కొందరిని బల్లేలతో పొడిచారు, కొందరిని పట్టుకున్నారు. మెషిన్‌గన్ల కాల్పులు మొదలయ్యాక దిగి, రాత్రంతా అక్కడ ఒక వరస పట్టి నిలబడ్డారు. తెల్లవారక ముందే వెనక్కి రమ్మన్నారు. చనిపోయినవాళ్ళు పదిమంది లోపు, గాయపడ్డవాళ్ళు వంద లోపు. దెబ్బతిన్న గుర్రాలు మనుషుల కన్నా ఎక్కువ. ఆ అడవి బ్రిటిష్ వాళ్ళ చేతికి చిక్కింది సెప్టెంబర్ 15న, రెండు నెలల తర్వాత. మధ్యలో దానికోసం పోయిన ప్రాణాలు వేలల్లో ఉన్నాయి.

మా ఇంట్లో ఒక మాట ఉంది. "పచ్చటి చేను తొక్కాం, రైతు శాపం తగులుతుందనిపించింది" అని ఆయన అనేవాడట. చిన్నప్పుడు అది కట్టుకథ అనుకునేవాణ్ణి. ఈ చేను సంగతి చదివాక ఆ మాట చెవిలో వేరేగా వినబడింది. అయినా ఆయన ఆ రోజు అక్కడ ఉన్నాడని నేను చెప్పను. ముందుకు దూకింది రెజిమెంటులోని కొన్ని స్క్వాడ్రన్లే, అంటే కొన్ని విభాగాలే. పతకం రెజిమెంటు పేరు చెబుతుంది గానీ ఆ రోజు ఆయన ఏ స్క్వాడ్రన్‌లో ఉన్నాడో చెప్పదు.

1917 చివర ఫ్రాన్స్‌లో కాంబ్రే యుద్ధం అయ్యాక, 1918 మొదట్లో భారతీయ గుర్రపు దళాలను ఈజిప్టుకు తరలించారు. డెక్కన్ హార్స్ 14వ కావల్రీ బ్రిగేడ్‌లో, 5వ కావల్రీ డివిజన్‌లో చేరింది. సెప్టెంబర్ 19న పాలస్తీనాలో మెగిద్దో యుద్ధం మొదలైంది. కాల్బలం తీరం దగ్గర తలుపు తీయగానే ఈ డివిజన్ ఒక పగలు, ఒక రాత్రిలో దాదాపు 80 కిలోమీటర్లు వెళ్ళి, కొండలు దాటి, టర్కీ సైన్యం వీపు వెనక తేలింది. హైదరాబాద్ లాన్సర్స్ ఉన్న 15వ బ్రిగేడ్ కూడా ఇదే డివిజన్. అంటే మీ ముత్తాత, మా ముత్తాత ఒకే దుమ్ములో నడిచి ఉండొచ్చు.

ఇక కాగితాలు ఎక్కడ వెతకాలి. రెజిమెంట్ల యుద్ధ డైరీలు లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో "డబ్ల్యూఓ 95" వరసలో ఉన్నాయి. ఇంట్లో కూర్చుని వెతికి దించుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, వాటిలో పేర్లు ఇంగ్లీషు ఆఫీసర్లవే ఎక్కువ. సోవారు చనిపోయినా చాలాసార్లు అంకెగానే కనబడతాడు. నేను వెతికినంతలో మా ముత్తాత పేరు ఎక్కడా తగల్లేదు. కానీ రెజిమెంటు ఏ రోజు ఏ ఊళ్ళో ఉందో రోజువారీగా తెలిసింది. యుద్ధంలో చనిపోయిన వాళ్ళయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరుతో వెతకొచ్చు. ఫ్రాన్స్‌లో చనిపోయి సమాధి లేనివాళ్ళ పేర్లు నవ్ షాపెల్ స్మారకం మీద 4,700కు పైగా ఉన్నాయి. లాన్సర్స్ సంగతి తేలాలంటే తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. ఆసఫ్‌జాహీ కాలం కాగితాలు ఉర్దూ, పారశీకంలో ఉంటాయి, చదవగలిగే పెద్దవాళ్ళెవరినైనా వెంటబెట్టుకెళ్ళండి. లాహోర్ మ్యూజియం నుంచి బయటపడ్డ 3,20,000 మంది సైనికుల రిజిస్టర్ల గురించి వార్తల్లో చదివి ఉంటారు. అవి పంజాబువి, మన దక్కను వాళ్ళకు ఉపయోగపడవు.

డెక్కన్ హార్స్ ఇప్పటికీ ఉంది, గుర్రాలకు బదులు ట్యాంకులతో. 1965 పాకిస్తాన్ యుద్ధంలో అసల్ ఉత్తర్ దగ్గర పోరాడిన దళాల్లో అదొకటి. నిజాం లాన్సర్స్‌కు 1948 తర్వాత ఆ అదృష్టం లేదు.

చివరగా రెండు జాగ్రత్తలు. పతకాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, మెత్తటి నూలు గుడ్డలో చుట్టి పొడిచోట ఉంచండి. రిబ్బన్ చిరిగిపోయినా పారేయొద్దు. మధ్యలో నారింజ, పక్కన తెలుపు, నలుపు, అంచుల్లో నీలం ఉంటే అది ఈ పతకం రిబ్బనే. రెండోది, అమెరికాలో ఉన్న అన్నయ్య తీసుకెళ్తానంటున్నాడని రాశారు. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువును సొంతంగా దేశం దాటించకూడదు. ఈ పతకాలకు ఇప్పుడు వందేళ్ళు దాటాయి. సూట్‌కేసులో పెట్టే ముందు ఆర్కియలాజికల్ సర్వే వాళ్ళను అడగండి. అంచు ఫొటోలు తీశాక ఇక్కడే జవాబు కింద పెట్టండి, టార్చి వెలుగు పక్కనుంచి పడేలా. నంబరు, హోదా, రెజిమెంటు నాకు చదవడానికి వీలైతే ఏ డైరీ తెరవాలో చెబుతాను.